నేను గెలిచిన వాదన, అత్త మోసిన మచ్చ

మా మేనత్త పోయినట్టు కబురు వచ్చినప్పుడు నేను క్యాంపస్‌లో జూనియర్లకు డిబేట్ పోటీల్లో ఎదుటివాళ్ల వాదనను ఎక్కడ పట్టుకొని విప్పాలో చెబుతున్నాను. ఫోను మోగితే కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారి ఎత్తితే అవతల బావ, అంటే అత్త కొడుకు. "అమ్మ పోయింది," అన్నాడు. "టిఫిన్ జేసి, చెప్పులేసుకుంట కూసున్నకాడనే ఒరిగింది. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది." దానికి నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎవరన్నరు?" డాక్టరు చెప్పాడా, నువ్వే అనుకుంటున్నావా అని. చావు కబురును కూడా ఆధారం అడిగే నోరు నాది. బావ కోప్పడలేదు. "డాక్టరే అన్నడు. నువ్వు రా," అని పెట్టేశాడు.

పోయినవాళ్లను ఆకాశానికెత్తే రాతలు నాకు పడవు. మా అత్త మహానుభావురాలని నిరూపించడానికి ఈ నాలుగు పేజీలు రాయడం లేదు. ఆమె నాచారంలో తన ఇంటి ముందుగదిలో, జుట్టు ఊడిన తలల మీద సన్నటి సూదితో రంగు చుక్కలు పెట్టేది. వేల చుక్కలు పడ్డాక ఆ తల దగ్గరగా కత్తిరించిన జుట్టున్న తలలా కనిపించేది. గోడ మీది బోర్డులో 'స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్' అని ఉండేది గానీ గల్లీలో దాని పేరు 'నెత్తికి చుక్కలు'. ఆమె పెట్టిన చుక్కలు ఏళ్లు గడిస్తే కొద్దిగా వెలిసేవే తప్ప రంగు మారేవి కావు. ఒక్క తల మాత్రం నీలమైంది. ఆ తల నాది. ఆ తప్పు ఆమెదేనని ఆమెను ఎరిగిన వాళ్లందరూ నమ్ముతున్నారు, ఎందుకంటే ఆమే అలా చెప్పుకుంది. ఆ మాటను నేను ఖండించాలి. ఆమె బతికి ఉండగానే ఖండించవలసింది.

అత్త ఈ పనికి రాకముందు నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ సామాన్లకు రంగు గింజలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసింది. బకెట్లు, మగ్గులు, కుర్చీలు చేసేవాళ్లు తమకు కావలసిన రంగుకు ఒక నమూనా బిళ్ల పంపేవారు. దానికి సరిగ్గా సరిపోయే రంగు కలిసిందో లేదో చూసి సంతకం చేయడం ఆమె పని. ట్యూబులైటు కింద ఎన్నడూ సంతకం పెట్టలేదు. రెండు బిళ్లలూ పట్టుకొని ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి, ఎండలో పక్కపక్కన పెట్టి చూసి వచ్చేది. "ట్యూబులైటు అందర్నీ మెచ్చుకుంటది. ఎండ మొహమాటపడది," అనేది. మామ చిన్న వయసులోనే పోతే ఆ చూపుతోనే కొడుకును పెంచింది.

ఫ్యాక్టరీ ఊరికి దూరంగా తరలిపోయాక, కనుబొమ్మలకు రంగు పెట్టే పని నేర్చుకొని, కొన్నాళ్లకు తలలకు మారింది. చుట్టాల్లో గుసగుసలు బయలుదేరాయి. మా ఇంట్లో ఒక పెళ్లిచూపుల నాడు ఒక పెద్దమనిషి నలుగురిలో అడగనే అడిగాడు, "ఆడమనిషివి, మగోళ్ల నెత్తులు పట్టుకునుడేందమ్మా?" అని. అత్త పళ్లెంలో మిర్చి తుంచుకుంటూ, "ఇన్నేండ్లు బకెట్లకు రంగు గలిపిన. అది మగ బకెటా ఆడ బకెటా అని ఒక్కలన్న అడిగిన్రా అన్నా?" అంది. ఆయన తర్వాత రెండేళ్లకు టోపీ పెట్టుకొని ఆమె దగ్గరికే వచ్చాడు.

ఫ్యాక్టరీ అలవాట్లన్నీ ఆ ముందుగదిలోకి వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె మొదట తల ముట్టుకునేది కాదు. చెవి వెనక మూడు చుక్కలు పెట్టి, నలభై రోజుల తర్వాత రమ్మనేది. "గిదేందక్కా, చిన్నపిల్లలకు పెట్టినట్టు దిష్టిచుక్కనా?" అని ఒకాయన నవ్వితే, "అవును. నీకు నా దిష్టి తగలకుండ," అంది. ఆ నలభై రోజుల్లో ఆ చర్మం రంగును ఎలా తీసుకుంటుందో తేలుతుంది. ఒకరి చర్మం నూనెగా ఉండి చుక్కను పరుస్తుంది. ఒకరి చర్మంలో అదే నలుపు బూడిదవుతుంది. ఒంటి మీద బొమ్మలు వేసే సిరా ఆమె గుమ్మం లోపలికి రాకూడదు. దానిలో కలిసిన రంగులు కాలం గడిస్తే విడిపోయి నీలమో ఆకుపచ్చో మిగులుతుందని ఆమె మాట. నలుపును పలచన చేసి, వెంట్రుక రంగు కాకుండా వెంట్రుక మొదలు నీడ రంగు ఎంత ఉంటుందో అంతకే తెచ్చేది. ఎడమచేతి వేళ్లతో చర్మం బిగలాగి, సూదిని పైపైనే ఆనించేది. లోతుకు దిగితే నలుపు కూడా పైకి నీలంగానే కనిపిస్తుంది.

ఈ సంగతి అర్థం కాని వాళ్లకు ఆమె పాఠం చెప్పేది కాదు. లోపలికి కేకేసి, తనతోనే ఉండే మా నాయనమ్మను పిలిచేది. నాయనమ్మ బతికున్నన్నాళ్లు ఆ పిలుపు కోసం కాచుకొని ఉండేది. ముంజేతి మీది పచ్చబొట్టు చూపిస్తూ, "నల్లగనే పొడిచిన్రు కొడుకా. పచ్చగైంది," అనేది గర్వంగా. అత్త వచ్చినాయన వైపు తిరిగి, "చేతికైతే ముద్దుగనే ఉంటది. నెత్తికి గావాల్నా మరి?" అనేది.

తల మీద రంగును రెండు దఫాలుగా వేసేది; దఫా దఫాకు మధ్య కూడా అదే నలభై రోజుల ఎడం. గడువు తీరినవాళ్లు పొద్దున పదింటికి రావాలి, లోపల కూర్చోకూడదు, గేటు దగ్గర ఎండలో నిలబడాలి. ఆదివారాల్లో ఐదారుగురు మగవాళ్లు ఆ గల్లీలో వరసగా తలలు వంచుకొని నిలబడితే, అత్త ఒక్కో తల దగ్గరా ఆగి చూసేది. కూరగాయల బండామె అటు పోతూ, "ఏందక్కా, పొద్దుగాల్నే పంచాయితీ వెట్టినవ్? ఏం తప్పు జేసిన్రు వీళ్లంత?" అనేది. "ఎండల తిరిగిన్రు, నూనె వెట్టిన్రు. జుర్మానా వెయ్యాలె," అనేది అత్త.

ఇక నా సంగతి. పంతొమ్మిదో ఏట నా పాపిట వెడల్పవడం మొదలైంది. వంశంలో ఉన్నదే, మందులతో ఆగుతుంది గానీ పోయింది రాదని డాక్టరు చెప్పాడు. నేను చున్నీని తల మీదికి లాక్కుని వేదికలెక్కడం నేర్చుకున్నాను. ఒక పోటీలో నేను ఎదుటి జట్టును నిలువునా విప్పుతుండగా చున్నీ జారింది. వెనక వరుస నుంచి ఎవడో, "స్టేజీ మీద ఒక లైటు ఆపుండ్రి, పాపిట మెరుస్తున్నది!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. నా దగ్గర జవాబుంది, చెప్పాను, ఆ పోటీ గెలిచాను కూడా. కానీ ఆ నవ్వు గెలుపుకు లొంగేది కాదు.

చెవి వెనక చుక్కల పరీక్ష నాకు సెలవుల్లోనే అయింది. రాష్ట్రస్థాయి ఫైనల్‌కు పన్నెండు రోజులుందనగా అత్త పాపిటకు మొదటి దఫా వేసింది. అద్దంలో చూసుకొని మురిసిపోయాను. నాలుగో రోజుకు పక్కులు రాలి, రంగు సగం పోయింది. అది అలాగే పోతుందని, మిగిలిందే అసలు రంగని ఆమె ముందే చెప్పింది. నేను ఉప్పల్ నుంచి ఆటో ఎక్కి నేరుగా వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"ఇంకో దఫా వెయ్యి అత్తా."

"నలభై రోజులు గావాలె."

"నలభై రోజులకు ఆధారమేంది? ఇరవై ఎందుకు గాదు? అరవై ఎందుకు గాదు?"

"నేను జూసిన బిడ్డా. లోపల వాపు పోయి, చర్మం కుదురుకోవాలె. వాపు మీద సూది ఎంత దిగుతున్నదో చేతికి తెల్వది."

"నువ్వు జూసినయి మగోళ్ల నున్నటి గుండ్లు. నాకు పాపిట ఒక్కటే. మగోళ్ల లెక్క నాకెట్ల వర్తిస్తది?"

"చర్మమే గదనే."

"సరే. నాలుగో రోజు చేస్తే పాడైన ఒక్క ఆడమనిషి తల చూపెట్టు."

"నేను ఎన్నడు జెయ్యలే. చెయ్యనిదాన్ని ఎట్ల చూపెడ్త?"

"అంటే పాడైతదని నీకు తెల్వది. అనుకుంటున్నవంతే."

ఆమె దగ్గర జవాబు లేదు. పాఠకులు ఇక్కడ ఆగి గమనించాలని కోరుతున్నాను. చేయని తప్పుకు సాక్ష్యం చూపమనడం ఎంత అన్యాయమైన వాదనో నాకు తెలుసు. ప్రత్యర్థి ఎవరైనా ఆ ఎత్తు వేస్తే మొదటి నిమిషంలోనే చీల్చి పెడతాను. ఆ ఎత్తునే మా అత్త మీద వేశాను, ఆమె చీల్చలేదని తెలిసి వేశాను. అప్పటికీ ఆమె తల అడ్డంగానే ఊపుతుంటే ఆఖరి మాట అన్నాను: "నీ చేతి మీద నీకే నమ్మకం లేదా అత్తా?" అత్త లేచి చేతులు కడుక్కుంది. గ్లౌజులు తొడుక్కుంది.

ఫైనల్ నాడు చున్నీ లేకుండా వేదికెక్కాను. లైట్లకు నా పాపిట మెరవలేదు. కప్పు గెలిచాను.

మూడు నెలల తర్వాత క్యాంటీన్ బయట మెట్ల మీద కూర్చుంటే పై మెట్టు నుంచి నా స్నేహితురాలు, "హోలీ రంగు ఇంకా పోలేదానే నీకు?" అంది. హోలీ ఎప్పుడో అయిపోయింది. ఫోనుతో ఫోటో తీయించుకొని చూశాను. పాపిట పొడవునా సిరా మరకలాంటి నీలం.

ఆ రోజు నాచారం పోతూ ఆటోలోనే నా వాదన కట్టుకున్నాను. అడిగేవాళ్లు ఎంతైనా అడుగుతారు; తెలిసినవాళ్లు ఒప్పుకోకూడదు. సూది పట్టిన చేతిదే బాధ్యత. బలమైన వాదన, ఇప్పటికీ అది బలమైనదే. నేను నోరు తెరవకముందే అత్త నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి, దువ్వెన కొసతో పాపిట తీసి చూసింది.

"లోతుకు వొయింది," అంది. "వాపు మీద గుచ్చిన. తప్పు నాది బిడ్డా."

నేను ఋజువు చేయాలని వచ్చింది సరిగ్గా అదే. ఎదురు వాదన లేకుండానే దక్కింది. "కాదు అత్తా, నేనే గదా బలవంతం జేసింది" అనడానికి రెండు క్షణాలు చాలు. అనలేదు. దక్కిన గెలుపును వదులుకోవడం నాకు అలవాటు లేదు.

"దీని మీద ఇంకింత రంగు పెడితే కప్పుకపోదా?" అని మాత్రం అడిగాను.

"నీలానికి ఇల్లు గట్టిచ్చినట్టయితది. ఇగ నేను ముట్ట. డాక్టరు దగ్గర లేజర్ పెట్టిచ్చి తగ్గియ్యాలె." పెట్టించింది కూడా. ప్రతిసారీ వెంట వచ్చి, చర్మ వైద్యుడి గది బయట బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. నీలం చాలావరకు తగ్గింది. అంతా పోలేదు.

తర్వాత ఒక ఆదివారం రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. కూతురి పెళ్లి రెండు వారాల్లో ఉంది, రెండు దఫాలూ ఈలోపే అయిపోవాలని పట్టు. "నేను మాట తప్పే మనిషిని కాదమ్మా, ఏమైనా మిమ్మల్ని అనను," అని ప్రమాణాలు కూడా చేస్తున్నాడు. అత్తకు వాదించడం రాదు. లోపల పుస్తకం చదువుకుంటున్న నన్ను కేకేసింది.

"ఓ పిల్లా, జర ఇటు రా. సార్‌కు నెత్తి చూపెట్టు."

నేను నిర్ఘాంతపోయాను. ఆమె కళ్లలో అడుగుతున్నట్టే ఉంది గానీ ఆజ్ఞ లేదు, కాదంటే ఊరుకునేదే. వెళ్లి తల వంచాను. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అయ్యో. ఇదెవరు చేశారమ్మా?"

"నేనే."

"మీరే చేసి, మీరే చూపిస్తున్నారా!"

"నేను జూపెట్టకపోతే ఎవరు జూపెడ్తరు సార్? నా మేనకోడలు. నాలుగో రోజే రెండో దఫా ఏసిన. తప్పు జేసిన. మీకు గూడ చెయ్యమంటరా?"

ఆయన కూతురి పెళ్లి తలపాగాతో కానిచ్చి, నలభై రోజులూ ఆగాడు. ఆయన తల ఇప్పటికీ ఎండలో నిలబడుతుంది.

ఆ తర్వాత నేను ఆదివారాలు అక్కడే గడపసాగాను. తొందరపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు: పెళ్లి, ఇంటర్వ్యూ, వీసా ఫోటో. ప్రతి ఒక్కరికీ అదే ప్రదర్శన. అత్త "తప్పు జేసిన" అనేది, నేను తల వంచేదాన్ని. మాటలతో ఒక్కరినీ ఆపలేని మనిషి నా తలతో అందరినీ ఆపింది. నాకూ అందులో ఒక సేవ చేస్తున్నానన్న తృప్తి ఉండేది, అబద్ధమెందుకు. అత్త అనే ఆ వాక్యం మధ్యలో 'బలవంతం జేసింది నేను' అని నేను అందుకోవలసిన చోటు ఉందని ప్రతి ఆదివారం తెలుసు. తల వంచుకొని ఉండటం వల్ల ఎవరి కళ్లలోకీ చూడనవసరం లేకపోయింది. పని అయ్యాక అత్త నా జుట్టు దువ్వి, పాపిట ఇంకోవైపు తీసి, "పో, నీ బుక్కులు సదువుకో," అనేది. ఆమె వేళ్లకు ఎప్పుడూ డెట్టాల్ వాసన.

అత్త పోయిన పన్నెండో రోజు భోజనాలు డాబా మీద షామియానా కింద పెట్టారు. అత్త దగ్గర చుక్కలు పెట్టించుకున్న వాళ్లు పది మందికి పైగా వచ్చి ఒకే వరుసలో కూర్చున్నారు. రైల్వే పెద్దాయన పక్కవాళ్లతో, "ఎంత నిజాయితీ అండీ. చేసిన ఒక్క తప్పునూ చివరిదాకా చెప్పుకుంది," అన్నాడు. ఆ పక్కాయన, "మంచి చెయ్యే గానీ సార్, ఇంట్ల పిల్లకే అట్ల జేసుకున్నది పాపం. గదొక్కటి లేకుంటే అక్కకు మచ్చే లేదు," అన్నాడు.

వడ్డిస్తున్న నేను సాంబారు బకెట్ కింద పెట్టాను.

"ఆ మచ్చ అత్తది గాదు," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వరుసలన్నీ తిరిగాయి. "ఆమె వద్దనే అన్నది. నలభై రోజులు ఆగమన్నది. నేను ఇన్లే. ఎట్లడిగితే ఆమెకు జవాబు రాదో అట్లనే అడిగిన. జవాబు రాకపోవుడు తప్పెట్లయితది? తప్పు నాది."

వేదికల మీద ఏడెనిమిది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడే దాన్ని, ఆ కాసిని మాటలతోనే ఆగిపోయాను. రైల్వే పెద్దాయన విస్తరి మీద చెయ్యి ఆపి, కఠినంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడు: "మరి అన్ని ఆదివారాలు పక్కనే ఉన్నావు కదమ్మా. ఒక్కనాడైనా అనలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. ఎవరైనా నా తరఫున వాదిస్తామంటే ఒప్పుకోను.

బావ వచ్చి బకెట్ అందుకున్నాడు. "అమ్మకు తెల్సు," అన్నాడు మెల్లగా. "నేనడిగిన ఒకసారి, దానిదే తప్పని అందరికి జెప్పరాదే అని. 'దానితోని నోటితోటి ఓడిపోయిన, సరే. చెయ్యి ఎందుకు ఓడిపోవాలె? సూది వట్టకుండ ఉండాల్సింది. చెయ్యి నాది గదరా' అన్నది."

ఆ మాటతో నేను ఏకీభవించను. ఆమె ఉంటే ఈసారి ఆమె తరఫునే ఆమెతో వాదించేదాన్ని.

బావ బకెట్ పట్టుకొని షామియానా నీడ దాటి, మంచినీళ్ల డ్రమ్ము వైపు ఎండలోకి నడిచాడు. పదో రోజు తల్లి కర్మకు చేయించుకున్న గుండు. రెండు రోజుల్లో వెంట్రుకల మొదళ్లు అప్పుడప్పుడే బయటికి వస్తున్నాయి. తలంతా సన్నటి నీడ పరుచుకొని ఉంది, నలుపు కాదు, బూడిదా కాదు. భోజనాల వరుసలోంచి మొదట రైల్వే పెద్దాయన, తర్వాత ఆ పక్కాయన, తర్వాత మిగిలినవాళ్లు, అన్నం కలిపిన చేతులతోనే లేచి ఎండలోకి వచ్చి, బావ చుట్టూ నిలబడి, అత్త తమ తలలకు కలిపిన ఆ రంగునే చూస్తూ ఉండిపోయారు.

"ఏందట్ల జూస్తున్రు?" అన్నాడు బావ.

రైల్వే పెద్దాయన ఎడమచేత్తో తన తల తడుముకున్నాడు. బావ వాళ్ల తలల వైపు ఒకసారి చూశాడు. బకెట్ కింద పెట్టి, వాళ్లకు బాగా కనిపించేలా మెడ వంచి నిలబడ్డాడు.